ముందు టైర్ల నిగనిగ

పాత టెంపోలో మంచాలు, పొయ్యి బిగించి ఇల్లులా మార్చుకున్నాం. సెలవులకు పిల్లలతో అందులోనే సిరిసిల్ల వెళ్లాలి. దానికి ముందు టైర్లు కొనడానికి ఈ రోజు పిల్లనిచ్చిన మామతో మా ఊళ్లోని పర్వత్ పాటియా బజారుకు వెళ్లాను. ఆయన రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో చీరలు ప్యాక్ చేస్తాడు.

దుకాణదారు నిగనిగలాడే జత చూపించి, కొత్త సరుకు అన్నాడు. నేను తలూపాను. మామ టైరు మీద వేలు రాస్తే నల్లటి పాలిష్ అంటింది.

"జర ఆగు అల్లుడా. గీ మెరుపు నాకెర్క. పాత చీరలకు కొత్త కవర్లేసుడు నా పనే గద!"

టైరు మీది తయారీ తేదీ చూస్తే ఐదేళ్ల కిందటిది. దారిలో పేలితే పిల్లలతో సహా ఏమయ్యేవాళ్లమో! దుకాణదారు లోపలికెళ్లి వేరే జత తెచ్చాడు.

ఇంటికొచ్చి ఇదంతా గొప్పగా చెప్పాను. మా ఆవిడ పోయిన దసరాకు వాళ్ల నాన్న పెట్టిన చీర తీసి, కవరు తిప్పి తిప్పి చూస్తోంది. రేపు మామ భోజనానికి వస్తున్నాడు. నన్ను ఇంట్లో ఉండమంటారా?