తెరిచినవాళ్లే మూయాలి

కొండాపూర్‌లో మా ఆఫీసు సందు మొదట్లో ఒకావిడ సర్వపిండి కాలుస్తుంది. నువ్వులూ కరివేపాకూ మాడీ మాడకుండా వేగే ఆ వాసన తగిలితే చాలు, నాకు యాదగిరన్న గుర్తొస్తాడు. నా మొదటి టీమ్ లీడ్. బోరబండ నుంచి రోజూ డబ్బాలో అదే తెచ్చేవాడు. కాకినాడ నుంచి కొత్తగా దిగిన నేను "యాదగిరి గారండీ" అంటే, "గారు గీరు వద్దు చెల్లె, అన్నా అను. ముందు జర తిను" అని ఓ ముక్క తుంచి పెట్టేవాడు.

అప్పటికి నాది ఇంకా ప్రొబేషనే. పర్మనెంట్ చేస్తారో, ఇంటికి పంపుతారో ఆ నెలాఖరుకు తేలాలి. సరిగ్గా అప్పుడే, డేటాబేసు కనెక్షన్ తెరిచి ప్రోగ్రాములోని మిగతా భాగాలకు అందించే చిన్న కోడు ముక్క, మెథడ్ అంటాం, ఒకటి రాశాను. పనయ్యాక దాన్ని మూసే మెథడ్ రాయడం మరిచాను. తెరిచినవి తెరిచినట్టే పోగుపడి, మధ్యాహ్నానికి కొత్త కనెక్షన్ దొరక్క అప్లికేషన్ నిలిచిపోయింది. నేను కంగారుగా కీబోర్డు మీద పడ్డాను. అన్న మాత్రం కీబోర్డు ముట్టుకోలేదు. నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, కనెక్షన్ బొమ్మ గీసి, "దీన్ని తెరిచిందెవరు?" అన్నాడు.

"నేనే అన్నా."

"మరి మూసేదెవరు? మీ కాకినాడ నుంచి వస్తరా?"

సిగ్గుతో చచ్చాను. ఆ సాయంత్రమే మూసే మెథడ్ రాశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను! మర్నాడు పొద్దున్నే కూర్చుని, ప్రాజెక్టులో కనెక్షన్ కనిపించిన ప్రతిచోటా మూసిపారేశాను. వాటిలో చాలావరకు సర్వరు తనే తెరిచి, మా కోడుకు అందించి, పనయ్యాక తనే మూసుకునేవి. మనం మూయబోతే ఒప్పుకోదు. టెస్టింగ్‌లో ఏ పేజీ నొక్కినా ఎర్రరే.

అన్న స్క్రీన్ చూసి పడీపడీ నవ్వాడు. "నిన్న ఒక్కటి మూయకపోతివి, ఇయ్యాల అన్నీ మూస్తివి! సర్వరు తెరిచింది సర్వరే మూసుకుంటది. నువ్వు తెరిచిందే నువ్వు మూయాలె."

నాకూ నవ్వొచ్చింది. వెనక్కి తిరిగితే మేనేజర్ నిలబడి ఉన్నాడు.

"రెండు రోజుల్లో రెండుసార్లు. ఈ అమ్మాయిని ఉంచాలా, వద్దా?" అని అన్ననే అడిగాడు.

అన్న నవ్వు ఆపాడు. "తప్పు నాది సార్. నిన్న సగం పాఠమే చెప్పిన. ఆ సగాన్ని ఆమె నూటికి నూరుపాళ్లు చేసింది. ఇసుంటి మనిషిని ఉంచుకోకపోతే ఎట్ల?"

మేనేజర్‌కూ నవ్వాగలేదు. నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నేనూ లీడ్‌ని. ఎవరి కోడు కూలినా ముందు నోటిదాకా వచ్చేది తిట్టే, అబద్ధమెందుకు. దాన్ని మింగేసి, వీళ్లకు నేను చెప్పని సగం ఏమిటా అని వెతుక్కుంటాను. ఇంతవరకు దొరకని రోజు లేదు.