అయిదో కన్నం

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకుని బతుకుతున్నాను. మాటవరసకి అనడం లేదు. అది నిజంగానే తెనాలిలో మా ఇంటి బాల్కనీలో ఉంది. దాని మీద మరువం కుండీ, మందార కుండీ పెట్టాను. రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తాను. పోసేటప్పుడు దాని కుడిచేతి కొస వైపు చూడకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే, చెప్పడం మొదలుపెట్టి సగంలో నన్ను నేనే వెనకేసుకొచ్చేదాన్ని.

మా ముత్తాత తెల్లదొరల కాలంలో చెరుకుపల్లి దగ్గర ఒక ఊరికి మునసబు. మా ఇంట్లో ఆయన్ని చలివేంద్రం తాత అంటారు. ఎండాకాలం రేపల్లె బాట పక్కన పందిరి వేయించి, దారిన పోయేవాళ్ళకి మంచినీళ్ళు పోయించేవాడని చెప్పుకుంటాం. అందుకు సాక్ష్యం ముంతల బల్ల. రెండు మందపాటి తుమ్మ పలకలు అంచులు కలిపి బిగిస్తే, మధ్యలో వరసగా ఆరు గుండ్రటి కన్నాలు. కన్నానికో ముంత. ఒక కొసన ఇనప బందు, రెండో కొసన తాళం వేసుకునే కొక్కెం. మంచినీళ్ళ బల్లకి తాళమెందుకు? నాకు ఎప్పుడూ తోచలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, ప్రశ్నలు అడగండర్రా అని పిల్లల ప్రాణం తీసినదాన్ని, ఇంట్లో ఉన్న బల్లని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

నా చిన్నప్పుడు అది బాపట్లలో మా నాయనమ్మ వంటింట్లో ఇటుకల మీద ఉండేది. అయిదో కన్నంలో ముంత నిలిచేది కాదు. అక్కడ చెక్క ఒక పక్క చెక్కేసినట్టు ఉండేది. నాయనమ్మ అందులో పాతగుడ్డ కుక్కి, "ఇది తాగుబోతు కన్నమే" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

రిటైరయ్యాక మా వంశచరిత్ర రాయాలని కూర్చున్నాను. బాపట్లలో చుట్టాలందరినీ పిలిచి, ఆ పుస్తకం పంచాలని మా అన్నయ్యల కోరిక. చలివేంద్రం అధ్యాయం అన్నిటికంటే ముందు రాసి వాళ్ళకి చదివి వినిపించాను. మా పెద్దన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో నాలుగు కబుర్లు దొరుకుతాయేమోనని ముత్తాత ఊరు వెళ్ళాను. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు ఏసోబు అంటే, పేటలో ఆయన ఇంటికి తీసుకెళ్ళారు. ఎనభై దాటిన మనిషి, నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ నాకు ఇచ్చాడు. నేను కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది కూడా బాగాలేదు.

"మునసబు గారింటి పిల్లవా అమ్మా?"

"అవునండి."

"మీ ఇంట్లో బొండకొయ్య ఉండాలమ్మా. ఆరు కన్నాలది."

బొండకొయ్య అంటే శిక్షకొయ్య. మనిషి కాళ్ళు కన్నాల్లో పెట్టి, పలకలు మూసి తాళం వేసి, చావడి ముందు ఎండలో కూర్చోబెట్టేవారు. కులం తక్కువని అనుకున్నవాళ్ళకే ఆ శిక్ష. ఏసోబు గారి నాన్నని అందులో వేయించింది మా ముత్తాత. దొర మకాం సామాన్లు మొయ్యడానికి వెట్టికి రమ్మంటే ఆయన వెళ్ళలేదు. ఆ రోజు ఆయన భార్యకి నొప్పులు వస్తున్నాయి. కొయ్యకి తాళం వేసి, ఆ తాళంచెవి మొలలో పెట్టుకుని మా ముత్తాత దొర వెంట రేపల్లె వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. మునసబు గారికి భయపడి ఒక్కరూ నీళ్ళు కూడా పొయ్యలేదు. కాలు వాచి కన్నం బిగిసిపోతే, వడ్రంగి ఒకడు ఉలి తెచ్చి ఆ పక్కన చెక్కాడు.

"మా నాయన జీవితమంతా కుంటాడమ్మా. తాగి తాటిచెట్టు మీంచి పడ్డాడని ఊళ్ళో అంటారు. నా మనవలు కూడా అదే అంటన్నారు. ఆయన చుక్క ముట్టినోడు కాదు. అయిదో కన్నం చెక్కారని చెప్పేవోడు. ఆ గుర్తు ఉందామ్మా?"

ఆయన అడిగింది అంతే. క్షమాపణ అడగలేదు. ఉందా లేదా అని అడిగాడు.

"లేదండి," అన్నాను. "మా ఇంట్లో ఉన్నది ముంతల బల్ల. ఆరు కన్నాలూ నున్నగానే ఉన్నాయి."

"అయితే మా నాయనే అబద్ధం చెప్పుంటాడులేమ్మా," అన్నాడు. కోడల్ని పిలిచి నాకు మంచినీళ్ళు తెప్పించాడు. తాగాను. గ్లాసు ఖాళీ చేసి మరీ ఇచ్చాను.

ఎందుకలా చెప్పాను? వంశం పరువు కోసమని చాలాకాలం అనుకున్నాను. అదీ అబద్ధమే. ఎప్పుడో పోయిన ముత్తాత పరువు నాకేం పట్టింది? నేను రాసిన అధ్యాయం నాకు నచ్చింది. అన్నయ్య కళ్ళు తుడుచుకోవడం ఇంకా నచ్చింది. అది పోతుందని భయపడ్డాను. నాలుగు పేజీల కోసం ఒక ముసలాయన చేత తన తండ్రిని అబద్ధాలకోరు అనిపించాను. ఈ వాక్యం ఇన్నాళ్ళూ మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పుస్తకం అట్ట మీదకి బల్ల ఫొటో తీయించినప్పుడు అయిదో కన్నం మీద ఇత్తడి చెంబు నేనే పెట్టాను. ఫొటో తీసే అతను, "అక్కడ వద్దు మేడమ్, మధ్యలో బాగుంటుంది" అన్నాడు. ఉండనివ్వమన్నాను. బాపట్లలో పుస్తకం పంచారు. నాకు శాలువా కప్పారు. బాపట్ల ఇల్లు బాగు చేయించేటప్పుడు బల్ల ఎవరికీ అక్కర్లేకపోతే, రాసినదానివి నువ్వే ఉంచుకో అని నాకే పంపారు.

నాలుగేళ్ళ తర్వాత రేపల్లె బస్సులో ఏసోబు గారి కోడలు కనిపించింది. గుర్తుపట్టి పలకరించింది. మామయ్య పోయి ఏడాదయిందని చెప్పింది. "మీరొచ్చి వెళ్ళాక వాళ్ళ నాయన కథ ఇంక చెప్పలేదండి. పిల్లలు అడిగినా ఎందుకులే అనేవాడు," అంది. నన్ను ఏమీ అనడానికి చెప్పలేదు. ఊరికే కబురు చెప్పినట్టు చెప్పింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెరుకుపల్లి రాగానే ఆమె దిగిపోయింది.

ఇవాళ పొద్దున కుండీలు దించి, బల్లని తడిగుడ్డతో తుడిచాను. అయిదో కన్నంలో వేలు పెట్టి చూశాను. మూడు ఉలి దెబ్బలు. రెండు లోతుగా, ఒకటి పైపైన. తొందరలో కొట్టినవి. ఈ కాగితం నకలు ఆయన మనవలకి పంపుతాను. వాళ్ళు చదివి చించెయ్యవచ్చు, చించెయ్యకపోవచ్చు. తప్పు తగ్గుతుందని కాదు. అడిగిన మనిషి లేడు. అయినా ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

ఉందండి ఏసోబు గారూ. అయిదో కన్నం, ఎడమ పక్క. మీ నాన్న అబద్ధం చెప్పలేదు.