ఎవరి మూర

మా పేటలోని కొత్త మార్కెట్ భవనం మెట్ల దగ్గర నిలబడితే రంగు వాసన, పచ్చి సిమెంటు వాసన తప్ప ఇంకేమీ రాదు. నిన్న మాత్రం ఎవరో పూల సంచి మోసుకుంటూ నన్ను దాటి పైకి వెళ్లారు. పూలు కట్టే తడి అరటినార వాసన ఒక్క క్షణం తగిలింది. కమలక్క గుర్తొచ్చింది.

పాత మార్కెట్లో ఆమెది పూలకొట్టు. దాని వెనక సందులో నా రేకుల షెడ్డు. డబ్బాలు, గరాటాలు చేస్తాను. బడి చదువు తక్కువే గాని కొలతలూ లెక్కలూ సొంతంగా నేర్చుకున్నాను. జేబులో టేపు లేకుండా ఇల్లు కదలను. ఈ సందుకు వచ్చిన కొత్తలో ఆమె దగ్గర రెండు మూరల కనకాంబరాలు కొని, అక్కడే టేపు పెట్టి, తగ్గాయని పేచీ పెట్టాను. ఆమె కోప్పడలేదు. పూలచెండు నా ముందుకు తోసింది.

“నీ చేత్తోనే కొలుచుకో తంబీ. మూర ఎంతని గాదు, ఎవరి మూర అని అడగల్ల ముందు.”

నా చెయ్యి పొడుగు. కొలిచినంతా తెంచి ఇచ్చి, “పో, నీ పెండ్లాం జడ బాగుపడింది” అంది. అప్పటినుంచి ఏ అంకె విన్నా అది ఎవరి చేతి కొలతో అడగడం నాకు అలవాటైంది.

మార్కెట్ పడగొట్టి కొత్తది కడతామని వచ్చిన మునిసిపాలిటీవాళ్లు, ఎవరి కొట్టు వాళ్లకు పాత కొలతకే ఇస్తామన్నారు. అందరూ సంతకాలు పెట్టారు. కమలక్క పెన్ను ముట్టలేదు.

“అదే కొలత, సరే సార్. యాడ?”

“మాడిలో అమ్మా. మంచి గాలి వస్తుంది,” అన్నాడు ఉద్యోగి. తమిళంలో మాడి అంటే మేడ.

“మా తెలుగులో మాడితే ఏమైతాదో తెలుసా సార్? పూల కోసం మెట్లెక్కే ఆడమనిషిని ఒకర్ని జూపించు, ఇప్పుడే సంతకం పెడతా.”

పక్కన అరటిపండ్ల మణి విసుక్కున్నాడు. “నీ అనుమానంతో మా అందరి పనీ ఆపేస్తివి గదక్కా.”

ఆమె కదల్లేదు. చివరికి ‘గ్రౌండ్ ఫ్లోర్’ అని రాసిచ్చారు. నాచేత రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది.

భవనం లేచింది. నేల మీద ఉన్నదంతా కార్లు నిలిపే చోటు. వాళ్ల లెక్కలో దానికి అంతస్తు పేరే లేదు. దాని పైదే గ్రౌండ్ ఫ్లోర్. రాసిచ్చిన దాంట్లో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. అక్క మెట్ల కింద నిలబడి పైకి చూసింది.

“మూర ఎవరిదని అడిగితిమి తంబీ. నేల ఎవరిదని అడగకపోతిమి.”

కొన్నాళ్లు ఎక్కి దిగింది. మోకాళ్లకంటే ముందు బేరం పడిపోయింది. కొట్టు మూసి, మురుంగపాక్కంలో కూతురి ఇంటి అరుగు మీద పూలు కట్టుకుంటూ ఉండేది. ఇప్పుడు అక్క లేదు.

ఇక మా సందు వంతు, మా షెడ్లూ పడగొట్టి కడతారట. ఇవాళ ఉదయం ఒక కొత్త ఉద్యోగి షెడ్డుకు వచ్చాడు. “మీకూ అదే కొలత అన్నా. గ్రౌండ్ ఫ్లోరే.” నాకు రేకుల బండి గుమ్మం దాకా రావాలి, మెట్లు ఎక్కి రాదు. పెన్ను తీసుకోకుండా అతన్ని వీధిలోకి తీసుకెళ్లాను.

“మీ గ్రౌండ్ ఏదో కాలు పెట్టి చూపించండి సార్.”

అతను నవ్వాడు. తర్వాత ఫోను తీసి, ఎవరితోనో మాట్లాడుతూ పక్కకు నడిచాడు. నేను ఎండలో అక్కడే నిలబడి, అతని కాలు ఎక్కడ పడుతుందా అని చూస్తూ ఉన్నాను.