మన్ను చప్పరించే గండయ్య

గండయ్య ఏ ఊరికి పోయినా ముందు ఆ ఊరి మన్ను నోట్లో వేసుకుంటాడు. మంచినీళ్లు తర్వాత, మంచీచెడ్డా తర్వాత. చిటికెడు మన్ను తీసి, బొటనవేలితో నలిపి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని కండ్లు మూసుకుంటాడు. కాసేపు చప్పరించి ఆఖరుకు తుపుక్కున ఊస్తాడు, లేదంటే మింగుతాడు. ఊస్తే ఆ నేల దండగ. మింగితే బంగారం. మోత్కూరు చుట్టుపక్కల అందరికీ ఈ సంగతి అలవాటైపోయింది. ఎన్నేళ్లయినా అలవాటు కానిది ఒక్క మనిషికే, ఆయన భార్య సత్తమ్మకు.

పెళ్లయిన కొత్తలోనే ఆమెకు తలనొప్పి మొదలైంది. మొదటిసారి అల్లుడు ఇంటికి వచ్చాడని సత్తమ్మ తల్లి కాళ్లకు నీళ్లిస్తే, ఆయన చెంబు పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని, వాకిలి గీకి నోట్లో వేసుకున్నాడు.

"ఏం బిడ్డా, అల్లునికి ఆకలైతాందా?" అని తల్లి గాబరాపడింది.

"ఆకలి గాదవ్వా, రోగం," అంది సత్తమ్మ.

అల్లుడు ఊసేసి, "చవుడు. గీడ బీరపాదు పెట్టకుండ్రి, ఎండిపోతది," అన్నాడు.

"పెట్టినం నాయినా, ఎండిపోయింది," అని తల్లి నోరు తెరిచింది. ఆ రోజు నుంచి అల్లుడికి గిన్నెలో నెయ్యి ఒక చుక్క ఎక్కువే పడింది. సత్తమ్మకు ఒళ్లు మండింది. ఇంట్లో తనను సమర్థించే ఒక్క తల్లి కూడా చేజారిపోయింది.

పోచంపల్లి సంగతి ఇంకా ఘోరం. చీర కొనిస్తానని తీసుకుపోయాడు. నేతగాడు వెంకటనర్సు ఇంట్లో గుంటమగ్గం ఉంది. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునేందుకు నేలలో గుంట తవ్వి ఉంటుంది కదా, వెంకటనర్సు చీరలు తేవడానికి లోపలికి పోగానే గండయ్య ఆ గుంటలోకి దిగాడు. సత్తమ్మ చీరల మీద నుంచి కండ్లు తిప్పి చూసేసరికి మగ్గం కింద మొగుడి తల ఒక్కటే కనబడుతోంది. గుంట గోడ గోరుతో గీకి నాకుతున్నాడు.

"ఏందయ్యా, నా మగ్గం గుంటల నీకేం పని?" అన్నాడు వెంకటనర్సు.

"మీద నల్లరేగడి, కింద సుద్ద. మంచి జాగల కూసున్నవన్నా."

"అమ్మా, నీకు చీర రేపిస్త. ముందుగాల ఈయనను బయటికి తియ్యి."

ఆ రేపు మళ్లీ రాలేదు. చీరా రాలేదు.

కోస్గి దగ్గర సంబంధం చూడటానికి చుట్టాలు పెద్దమనిషిగా పిలుచుకుపోతే అక్కడా అంతే. "పిల్లగాడు నచ్చిండా మామా?" అని పిల్లగాడి ఇంటివాళ్లు అడిగారు. "పిల్లగాడు మంచోడే. మీ చెలుక మన్నే జర పుల్లగున్నది," అన్నాడు. సంబంధం తప్పి బండి తిరుగుదారి పట్టింది. దారి పొడవునా సత్తమ్మ మాట్లాడలేదు. ఆమె మాట్లాడటం లేదన్న సంగతి ఆయనకు తెలిసిందో లేదో కూడా తెలియదు. బండి ఆగిన చోటల్లా దిగి మన్ను కండువా కొసకు మూటగట్టుకుంటున్నాడు.

ఇట్లా సాగుతున్న కాపురంలో భూమి పంపకాలు వచ్చిపడ్డాయి.

గండయ్య తమ్ముడు బిక్షపతి జ్వరంతో పోయాడు. అతని భార్య ఉప్పలమ్మకు చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఒక బిడ్డ. ఎడ్లు లేవు. అప్పటిదాకా అంతా ఉమ్మడి సాగే. ఉప్పలమ్మ అన్న గురవయ్య వచ్చి కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు కానీ ఎవరినీ నమ్మడు. మజ్జిగ ఇచ్చినా ముందు వాసన చూసి తాగేవాడు.

"ఉమ్మట్ల ఉంటె మా చెల్లె కూలిమనిషైతది బావా. పంచుండ్రి," అన్నాడు.

"పంచుదాం," అన్నాడు గండయ్య.

భూమి వాగు పక్కన రెండు మెట్లుగా ఉంటుంది. పై మెట్టు పెద్దది. ఎర్రటి గులకరాతి మొరం నేల, చూడటానికి నిండుగా కనబడుతుంది. కింది మెట్టు చిన్నది, వాగు తెచ్చిపోసిన ఒండ్రు. వాగు కోసిన గట్టు దగ్గర నిలబడితే ఆ నేల కడుపు కనబడేది. పైన గోధుమరంగు మన్ను, దాని కింద సున్నం పూసినట్టు తెల్లటి పొర, ఆ కింద ఇసుక, గులకరాళ్లు. ఎప్పటి కాలంలోనో సముద్రాల అవతల నిప్పుకొండ పగిలి, ఎగిసిన బూడిద గాలికొచ్చి పడిందనీ, దాన్ని వాగు ఇక్కడ పోగేసిందనీ చదువుకున్నవాళ్లు చాలా ఏళ్లకు చెప్పారు. అప్పట్లో ఊరికి తెలిసింది ఒకటే. అది ఇత్తడి చెంబులు తోముకునే మన్ను. చేతికి పిండిలా మెత్తగా ఉంటుంది, చెంబుకు రాస్తే తళతళలాడుతుంది. దున్నీ దున్నీ అది పై మన్నులో కూడా కలిసిపోయింది. అందుకే ఊరంతా కింది చెలకను చిన్నచూపు చూసేది.

సత్తమ్మ మాత్రం చూసేది కాదు. ఏటా అక్కడ మిరప పెట్టేది ఆమే. పార వేస్తే పెరుగులో గరిటె దిగినట్టు దిగుతుంది. వానలు పోయి చాన్నాళ్లయినా వేలు పెడితే లోపల తడి తగులుతుంది. ఎండాకాలం దుమ్ము లేస్తుంది, నిజమే. లేవనీ. ఆ చెలక తన వాటాకే రావాలని ఆమె గట్టిగా అనుకుంది.

వాళ్ల దగ్గర పద్ధతి ఒకటుంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. తమ్ముడు లేడు కాబట్టి కోరుకునే వంతు ఉప్పలమ్మది. పై మెట్టు ఒక వాటా, కింది మెట్టు ఒక వాటా అన్నాడు గండయ్య. సత్తమ్మ లోపల సంతోషపడింది. గురవయ్య చూపు పొద్దుటి నుంచీ పెద్ద ఎర్రనేల మీదే ఉంది.

"ఏమయ్యో," అని ఆమె మొగుణ్ణి పక్కకు పిలిచింది. "నీ దండం పెడత. గీ ఒక్క రోజు నోరు మూసుకొని ఉండు. మన్ను ముట్టకు."

"సరే తియ్యి," అన్నాడు గండయ్య.

పెద్దమనుషులు వచ్చారు. అందరూ పై మెట్టు ఎక్కారు. గండయ్య వంగాడు. సత్తమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయన ఎర్రమన్ను నోట్లో వేసుకుని, వేపాకు నమిలినట్టు మొహం పెట్టి, తుపుక్కున ఊశాడు. నాలుక కండువాతో తుడుచుకున్నాడు. గురవయ్య ఇదంతా చూస్తున్నాడు.

కింది మెట్టు దిగారు. గండయ్య పిడికెడు మన్ను తీశాడు. కండ్లు మూశాడు. చప్పరించాడు. ఆయన మొహంలో జాతర వెలిగింది. మింగాడు. ఎవరూ చూడటం లేదనుకున్నట్టు అటు తిరిగి ఇంకో పిడికెడు వేసుకున్నాడు.

గురవయ్య గొంతు సవరించుకున్నాడు. "మా చెల్లెకు కింది చెలుక గావాలె."

"అయ్యో, గురవయ్యా," అన్నాడు గండయ్య, నోట్లో మన్నుతోనే. "అది చిన్నది గదా. జర ఆలోచన చెయ్యి."

"చేసిన బావా. ఆలోచనంత అయింది."

"పెద్దది విడిచిపెట్టి..."

గురవయ్య మాడిపోయిన సత్తమ్మ మొహం చూశాడు. "గదే గావాలె."

పెద్దమనుషులు సరే అన్నారు. కొంగు చాటు నుంచి ఉప్పలమ్మ, "మీరెట్లంటె గట్ల," అంది. సత్తమ్మ గురవయ్య వైపు ఉరిమి చూసి ఇంటికి నడిచింది. ఆ నడకకు దారిలో కోళ్లు పక్కకు తప్పుకున్నాయి.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. పెట్టడం అంటే కంచం నేలకు కొట్టడమే. జొన్నగటక పక్కన పచ్చిమిరప తొక్కు రోజూ వేసేదానికంటే రెండింతలు వేసింది. గండయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కండ్ల నుంచి నీళ్లు బొటబొటా కారాయి.

"ఏడువు. మంచిగ ఏడువు. చెలుక పోగొట్టినందుకు గా మాత్రమన్న ఏడువాలె."

ఆయన ఏదో అనబోయి, చెంప పట్టుకున్నాడు. సత్తమ్మకు అప్పుడు అనుమానం వచ్చింది.

"నోరు తెరువు."

తెరవలేదు. ఆమె దవడ పట్టి తెరిచింది. లోపల చిగుళ్లన్నీ గీరుకుపోయి ఎర్రగా ఉన్నాయి. పెదవి వాచింది. తోమిన ఇత్తడి చెంబు లోపల ఎట్లా ఉంటుందో అట్లా ఉంది నోరు.  ఆ మన్నుతో ఆమె ఎన్ని గిన్నెలు తోమింది. తోమినప్పుడల్లా గోళ్ల సందుల్లో సన్నటి గాజుపొడి గుచ్చుకున్నట్టు చురుక్కుమనేది. దాన్ని ఈ మనిషి పిడికెళ్లకొద్దీ నమిలి మింగాడు.

"గది నోట్ల పెట్టే మన్ను గాదని నీకు ఎరుక లేదా?"

"ఎందుకెరుక లేదు. ఎన్నడు పెట్టలె గదా."

"మరి ఇయ్యాల గా జాతర మొహమేంది?"

గండయ్య కంచంలోకి చూశాడు. వాచిన పెదవితో మెల్లగా చెప్పాడు. "ఉప్పలమ్మకు ఎడ్లున్నయా? మొరం నేల దున్నాలంటె రెండు జతలు కావాలె. గా కిందిది మెత్తన. పార పట్టుకొని ఒక్కతె తిరగేసుకుంటది, పిల్లలను గట్టు మీద కూసోబెట్టి."

"గా మాట గురవయ్యకు చెప్పరాదూ?"

"నేను మంచిదంటె ఆయన తీసుకుంటడా? చిన్నది అంటగడుతున్నడని పెద్దదే కోరుకుంటడు. నేను చెప్తె నమ్మడు. దొంగతనంగ చూసిందైతె నమ్ముతడు."

"నాకన్న చెప్పాలె గదా."

"నీకు చెప్తె నువ్వు గంత కోపం చేస్తుంటివా? నీ కోపం జూసే గురవయ్య గట్టిపడ్డడు."

సత్తమ్మ లెక్క చూసుకుంది. తన మిరప చెలక పోయింది, అది పోవడంలో తన చెయ్యి కూడా ఉంది, దానికి తనను అడిగినవాళ్లు లేరు. తిట్టడానికి ఇంతకంటే మంచి సందర్భం మళ్లీ రాదు. తీరా చూస్తే నోటికి తిట్టు రావడం లేదు. లేచి కంచంలోని తొక్కు తీసేసి మజ్జిగ పోసింది.

తెల్లారి హద్దురాళ్లు పాతడానికి అందరూ పొలం పోయారు. గురవయ్య గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు, వేయలేదు. గండయ్య మొహం వైపే చూస్తున్నాడు. వాపుకు పెదవి ఒక పక్కకు సాగి, ఆ మొహం అచ్చం నవ్వుతున్నట్టుగా ఉంది.

"అక్కా," అన్నాడు సత్తమ్మతో. "బావ పొద్దుగాల్నుంచి లోపల్లోపల నవ్వుకుంటుండు. నాకు అనుమానంగున్నది. మల్లొక్కసారి కూసుందామా?"

గండయ్య నవ్వు మానేద్దామని చూశాడు. వాపు మానదు కదా. సత్తమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"నవ్వుడు గాదు తమ్మీ, పిచ్చి. ఇంట్ల పిడుగు పడ్డా గిట్లనే ఉంటడు. మొన్న బర్రె తప్పిపోతె గిదే మూతి. పటేలు నీళ్లు ఆపితె గిదే మూతి. పచ్చని చెలుక చేతులార మీ పాలు చేసి, చూడు, ఎట్ల నిలవడ్డడో రాయి లెక్క. గీ మనిషిని కట్టుకున్నందుకు నేను పెట్టిన మిరపతోట పాయె, నా రెక్కల కష్టం పాయె. నువ్వు మల్ల కూసుంటనంటె నాకు సంతోషమే. కూసుందాం పా. ఇప్పుడే."

గురవయ్య గడ్డపార దబదబా దింపాడు. రాయి నిలబెట్టి చుట్టూ మన్ను కూరి, కాలితో తొక్కి, పైన ఎక్కి కూడా తొక్కాడు.

చిక్కు అక్కడితో పోలేదు. ఉప్పలమ్మ సత్తమ్మ దగ్గరకు వచ్చి కండ్లొత్తుకుంది. "అక్కా, నీకు గంత బాధైతె వద్దు. నేను పై చెలుకనే తీస్కుంట."

ఇదంతా మళ్లీ మొదటికొస్తుందని సత్తమ్మ గొంతు ఇంకాస్త కటువు చేసింది. "ఇచ్చినంక మల్ల తీసుకునే ఇల్లు గాదు మాది. రేపొద్దున మిరపనారు పంపిస్త, తెచ్చుకొని పెట్టుకో. గట్టు దిక్కు ఒత్తుగ పెట్టకు, గాడ తడి ఎక్కువ."

ఉప్పలమ్మకు అది తిట్టో దీవెనో అర్థం కాలేదు. తలూపి పోయింది.

మొగుడూ పెళ్లాం ఇంటిదారి పట్టారు.

"జర ఎక్కువనే తిట్టినవ్," అన్నాడు గండయ్య.

"ఉత్తుత్తిగనే మొదలువెట్టిన."

"మరి?"

"నడుమల నిజమైపోయింది."

గండయ్య నవ్వబోయాడు. పెదవి చురుక్కుమంటే అరచేత్తో మూతి పట్టుకుని ఆగిపోయాడు. సత్తమ్మ ఆయన అవస్థ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన వంతు కూడా తనే నవ్వింది.