పామర్రు సెలవు, నా జ్ఞానదంతం

ఆ ఉదయం నేను చేసిన తప్పు ఇది. పళ్ళ డాక్టరు గుడారం ముందు వరసలో నిలబడి, నా వంతు దగ్గర పడగానే పక్కకి తప్పుకున్నాను. సాయంత్రానికి దాని మీద ఒక అబద్ధం కూడా చెప్పాను.

మా ఆర్మీ దళం బేస్‌కు చేరి అది రెండో రోజు. ఉత్తరాన, మంచుకొండల కింద. అక్టోబరు నెలాఖరు. ట్రక్కులు అక్కడితో ఆగిపోతాయి. పై పోస్టుకు నడకే. మంచు బూట్లు, ఉన్ని మేజోళ్ళు, స్లీపింగ్ బ్యాగ్ ఇచ్చారు. నేను రేడియో ఆపరేటర్ని కాబట్టి వీపు మీద బ్యాటరీలు అదనం. పైకి వెళ్ళేముందు ప్రతివాడూ నోరు తెరిచి చూపించాలని ఆర్డరు. కారణం అందరికీ తెలుసు. దారి మూసుకున్నాక పంటి నొప్పికి ఎవరూ హెలికాప్టరు పంపరు.

నా కింది దవడలో, కుడివైపు చివర, జ్ఞానదంతం సగం పైకి వచ్చి ఆగింది. అప్పుడప్పుడు సలిపేది. చూస్తే పీకేస్తారు. చిన్నప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో ఒక పళ్ళ డాక్టరు మత్తు ఎక్కకముందే నా పన్ను లాగాడు. కాంపౌండరు నా తల పట్టుకున్నాడు. కాళ్ళు మా నాన్నే పట్టుకున్నాడు. ఆ ఉదయం గుడారంలో స్టీలు పళ్ళెంలో ఏదో పడ్డ చప్పుడు వినపడింది. వంటపాక వెనక్కి నడిచాను.

"పళ్ళు చూపించావా?" అని సాయంత్రం మెడికల్ అసిస్టెంట్ అడిగాడు.

"చూపించాను. బాగున్నాయన్నారు."

తర్వాత పై పోస్టుకు ఎక్కాం. పోస్టులో ఇంకో ఆపరేటర్‌ది పామర్రు దగ్గర పల్లె. నాకన్నా చిన్నవాడు. ఫౌజులో మాకు ఊరి పేర్లే పేర్లయ్యాయి. నేను వాణ్ణి పామర్రు అనేవాణ్ణి. వాడు నన్ను "బెజవాడ అన్నా" అనేవాడు. తండ్రి పోయాడు. చెల్లెలి పెళ్ళి డిసెంబరులో, వాళ్ళ చర్చిలో. తండ్రి స్థానంలో ఆ పిల్లను చెయ్యి పట్టి లోపలికి నడిపించాల్సింది వాడే. సెలవు మంజూరైంది. దారి మూసుకునే ముందు దిగే చివరి బృందంతో వాడు వెళ్ళాలి. బదులు మనిషి వచ్చేదాకా నేనొక్కణ్ణే రేడియో సెట్ చూసుకోవాలి.

బంకర్లో కిరోసిన్ పొయ్యి పక్కన వాడు నడక ప్రాక్టీసు చేసేవాడు.

"ఇట్టా మెల్లగా నడవాలంట అన్నా. మార్చింగులా పోతే చెల్లి వెనకబడిపోద్దని మా అమ్మ బెంగ."

"లెఫ్ట్ రైట్ అనకు, చాలు," అన్నాను.

నవంబరు చివర్లో, బృందం దిగే ముందురోజు నిద్ర లేచేసరికి నా చెంప వాచింది. జ్వరం. నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. సెట్‌లో మాట్లాడబోతే మూలుగే వచ్చింది. గంటకోసారి బేస్‌కు రిపోర్టు ఇవ్వాలి. ఆ కోడ్ మా ఇద్దరికే తెలుసు. మాట్లాడే ఆపరేటర్ లేకుండా పోస్టు ఉండకూడదని రూలు.

మెడికల్ అసిస్టెంట్ టార్చి వేసి చూశాడు. "ఇది ఇవాళ్టిది కాదే. కింద డాక్టరు చూశాడన్నావుగా?"

చూశాడని తల ఊపాను. పామర్రు పక్కనే ఉన్నాడు.

"దాన్నేం తిడతాం సార్," అన్నాడు వాడు. "పన్నుకేం తెలుసు, మా ఇంట్లో పెళ్ళని."

పోస్టుకు పెద్ద అయిన సుబేదార్ సాబ్ బేస్‌తో మాట్లాడించాడు. కింది నుంచి జవాబు వచ్చింది: "బదులు మనిషి ఇప్పట్లో రాలేడు. రెండో ఆపరేటర్ పైనే ఉండాలి. ఓవర్." ఆ మాటను హెడ్‌ఫోనులో విని, తిరిగి చదివి, "అర్థమైంది, ఓవర్" అన్నది పామర్రే. మర్నాడు బృందం దిగింది. జ్వరంతో నడవలేక నేనూ పైనే ఉండిపోయాను. ఆ రాత్రే మంచు మొదలైంది.

వాడు నాకు గంజి కాచి చెంచాతో పట్టేవాడు. మందులకు వాపు మెల్లగా తగ్గుతోంది కానీ దవడ వదల్లేదు.

పెళ్ళి రోజు ఉదయం వాడు గడ్డం గీసుకున్నాడు. ఉతికిన జెర్సీ వేసుకున్నాడు. సరిగ్గా పెళ్ళి వేళకు, పదకొండు గంటల రిపోర్టు ఇచ్చి, హెడ్‌ఫోను తీసి, లేచాడు. బంకరు కప్పు తక్కువ ఎత్తు, తల వంచే నిలబడాలి. వాడు కుడి మోచెయ్యి వంచాడు, ఎవరో పట్టుకోబోతున్నట్టు. కాసేపు అలాగే ఉండి, మెల్లగా తలుపు దాకా నడిచాడు. నాలుగడుగుల జాగా. అక్కడ ఆగి చెయ్యి దించుకున్నాడు.

నేను స్లీపింగ్ బ్యాగ్‌లోంచి చూస్తున్నాను. నోరు తెరుచుకోలేదు. తెరుచుకున్నా నిజం చెప్పేవాణ్ణి కాదు.

దారి తెరిచాక దిగాం. పన్ను ఇంటి దగ్గర తీయించుకుంటానని డాక్టరుకు చెప్పి తప్పించుకున్నాను. తర్వాత వేర్వేరు పోస్టింగులు, రిటైర్మెంట్. విజయవాడ వచ్చాను. వాడు పామర్రు చేరి వ్యవసాయంలో పడ్డాడు. ఫోనుల్లో మాట్లాడుకునేవాళ్ళం. పోయినేడు ఆ పన్నే మళ్ళీ తిరగబెట్టింది. రెండుసార్లు క్లినిక్ మెట్లెక్కి దిగొచ్చానని విని వాడు బస్సెక్కి వచ్చేశాడు. "పద అన్నా. పారిపోతే కాలరు పట్టుకుంటా."

క్లినిక్‌లో కూర్చున్నాం. ధ్యాస మళ్ళుతుందని, చెల్లెలు బాగుందా అని అడిగాను.

"బాగుంది. టైలరింగ్ షాపు పెట్టింది. క్రిస్మస్‌కి పిలుస్తది, వెళ్తా. కూర్చున్నాక ఆ మాటే ఎత్తుద్ది. 'రావాలనుంటే వచ్చేవాడివి అన్నయ్యా' అంటది. నేనేం చెప్తా? జబ్బుపడ్డ నీమీదకి నెట్టనా?"

ఇక కూర్చోలేకపోయాను. లేచాను.

"ఎక్కడికన్నా?"

"ఎక్కడికీ పోను. విను." గుడారం, వరస, వంటపాక, రెండు అబద్ధాలు, అన్నీ చెప్పాను.

వాడు నా వైపు చూడకుండా అడిగాడు. "అప్పుడు పీకించుకుంటే ఎంతసేపు పట్టేదన్నా?"

"తెలీదు."

"లోపలికెళ్ళి తెలుసుకో."

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నా భయం కనిపెట్టి తొందరపెట్టలేదు. "ముందు మత్తు బాగా ఎక్కనిద్దామండీ. నొప్పనిపిస్తే ఎడం చెయ్యెత్తండి, అక్కడికక్కడే ఆపేస్తాను," అంది. పెదవి మొద్దుబారిందని నేను చెప్పేదాకా పనిముట్టు ముట్టుకోలేదు. ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఎత్తలేదు. దవడ మీద ఒత్తిడి, ఏదో కదిలిన శబ్దం. "అయిపోయిందండీ." నేను నమ్మలేదు. పళ్ళెం చూపించింది.

నోట్లో దూదితో బయటికొచ్చాను. పామర్రు కుర్చీ ఖాళీ.

"మీతో వచ్చినాయన వెళ్ళిపోయారండీ," అంది కౌంటర్లో అమ్మాయి. "ఎంతసేపు పట్టిద్దని అడిగారు. అరగంట కూడా పట్టదన్నాను. లేచి వెళ్ళిపోయారు."

తర్వాత వాడు నా ఫోను ఎత్తలేదు. తప్పు పట్టను.

కుట్లు మానాక నేనే పామర్రు వెళ్ళాను. బజారులో చెల్లెలి షాపు కనుక్కున్నాను. మిషను దగ్గర కూర్చుని జాకెట్టు కుడుతోంది. నేనెవరినో చెప్పాను. మీ అన్నయ్య రాలేకపోయింది నావల్లేనమ్మా అని, అంతా చెప్పాను. మిషను ఆగింది.

"పన్ను పీకించుకోడానికి భయపడ్డారాండీ?"

"అవునమ్మా."

"ఆ రోజు మా మావయ్య నడిపించాడండీ నన్ను. ఆయన చెయ్యి వణుకుతుంటే నేనే పట్టుకుని నడిచా. గుమ్మం దాకా వెనక్కి చూస్తానే ఉన్నా, అన్నయ్య వస్తాడేమోనని." ఆమె గొంతు పెరిగింది. "ఇన్నేళ్ళూ ఆడిని మాటలన్నానండీ. ఒక్కసారన్నా చెప్పలేదు."

"ఆ రోజు పదకొండు గంటలకు వాడేం చేశాడో కూడా చెప్పి ఉండడు," అన్నాను.

లేదన్నట్టు చూసింది. నోటితో చెబితే అర్థమవుతుందనిపించలేదు. షాపు మధ్యలోకి జరిగి నిలబడ్డాను. బంకరులో లాగే తల వంచాను. కుడి మోచెయ్యి వంచాను.

"ఇలాగమ్మా. నువ్వు పట్టుకోడానికి."

ఆమె నా మోచెయ్యి వంక చూసింది. తర్వాత మిషను మీదున్న ఫోను తీసి అన్నయ్యకు కలిపింది. అవతల మోగుతోంది. నేను చెయ్యి దించి బజారులోకి నడిచాను.