నల్ల గౌనులో బ్యారక్స్‌కి

లాయరు ఎఫియోమ్ అర్చిబాంగ్‌గారి దగ్గర నేను పంతొమ్మిదేళ్లు టైపిస్టుగా పనిచేశాను. క్రాస్ నది ఒడ్డున మా పట్నంలో దర్జీ కొట్టు మీది మేడే మా ఆఫీసు. ఆయన తండ్రి రేవులో పామాయిల్ పీపాలు దొర్లించిన కూలీ. కొడుకు లండన్ వెళ్లి, పగలు తపాలా సంచులు మోసి, సాయంత్రాలు లా చదువుకుని వచ్చారు. ఓడ దిగినప్పుడు వెంట తెచ్చుకున్నదల్లా ఒక రేకు పెట్టె, అందులో నల్ల గౌను, కోర్టు విగ్గు. ఆ పెట్టె మీద కూర్చున్న సొంత మేనమామనే పైకి లేపారని వాళ్లమ్మ చెప్పి నవ్వుకునేది.

చేపలమ్మే ఆడవాళ్లు, పడవలవాళ్లు, గట్టు తగాదాలవాళ్లు - ఆయన కక్షిదారులంతా వీళ్లే. ఫీజుకు బదులు ఎండు రొయ్యల బుట్ట తెచ్చినా వద్దనేవారు కాదు. మేడంతా రొయ్యల వాసనే.

మా దేశంలో అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం ఆయన ఉడికించిన కందగడ్డ తింటున్నారు. కింద నుంచి దర్జీ కేక పెట్టాడు.

"అరిత్! మీ అయ్యగారి పేరు రేడియోలో చెబుతున్నారే!"

ఆయన తినడం ఆపి నన్ను చూశారు. "ఏమ్మా, నేను పోయానా ఏంటి?"

"లేదు ఎటే! మిమ్మల్ని కమిషనర్ని చేశారట!" అంటూ దర్జీ మెట్లెక్కి వచ్చేశాడు. మావైపు పెద్దవాళ్లని 'ఎటే' అనే పిలుస్తాం.

సైనిక పాలనలో మంత్రుల్ని కమిషనర్లనేవారు. ఒప్పుకుంటావా అని ముందుగా ఎవరూ అడగరు, రేడియోలో చెప్పేస్తారు, అంతే. ఆయనకి న్యాయశాఖ ఇచ్చారు.

ఆయన భార్య ఇక్వోగారు ఆ వార్త విని, "పెళ్లికొడుకునే అడక్కుండా పెళ్లి చేసేశారన్నమాట" అన్నారు.

పట్నంలో అందరూ సంతోషించలేదు. బడిపంతులు ఒకోన్ న్సాగారైతే నడిబజార్లోనే అనేశారు: "ఎఫియోమా? తుపాకి గొట్టం మీద వాలిన చిలక!" ఆ మాట సాయంత్రానికల్లా మా మేడెక్కింది. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం, "పోనీలే అమ్మా. అక్కడంతా మాట్లాడనివాళ్లే. చిలకైనా ఒకటుంటే మంచిదే" అన్నారు.

మూడేళ్లు మంత్రిగా ఉన్నారు. నన్నూ సెక్రటేరియట్‌కి తీసుకెళ్లారు. నది పాయల్లోని పల్లెలవాళ్లు ఒక వాయిదాకి రావాలంటే రెండ్రోజులు తెడ్డు వేయాలి. అందుకని మేజిస్ట్రేటునే మరపడవలో పల్లెలకి పంపించే ఏర్పాటు చేశారు. ఆ ఉత్తర్వు పదకొండుసార్లు తిరిగొచ్చింది. పన్నెండోసారి నేను టైపు చేసిన కాగితం మీద సైనిక గవర్నరు సంతకం పడింది.

మూడో ఏట పంతుళ్లకి నాలుగు నెలలు జీతాల్లేవు. ఒకోన్ మాస్టారు సభ పెట్టి ప్రభుత్వాన్ని ఉతికి ఆరేశారు. మర్నాడే ఒక కెప్టెన్ జీపు పంపి, ఆయన్ని బ్యారక్స్‌కి పట్టుకుపోయాడు. మాస్టారి భార్య న్కోయో సెక్రటేరియట్‌లో మా ఆఫీసు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎటే, మిమ్మల్ని ఆయన నానా మాటలూ అన్నాడు. నాకు తెలుసు. కానీ ఇంకెవరి దగ్గరికి పోను?"

"తీసుకెళ్లి ఎన్నాళ్లైందమ్మా?"

"ఆరు రోజులు. బతికున్నాడో లేదో కూడా చెప్పట్లేదు."

ఆయన లేచారు. "అరిత్, నా పెట్టె తీసుకురా."

"ఇవాళ కోర్టుకి సెలవు కదా ఎటే?"

"కోర్టుకి కాదు."

జెండా కట్టిన సర్కారు కారు గుమ్మంలోనే ఉంది. దాన్ని వదిలేసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో గౌను తొడుక్కుని, విగ్గు పెట్టుకుని బజారు మీదుగా నడిచారు. వెనక ఫైలుతో నేను, న్కోయో. చేపల బుట్టలు దించి ఒకరొకరుగా ఆడవాళ్లు కలిశారు. బ్యారక్స్ గేటు దగ్గరికి చేరేసరికి యాభై మందిమి అయ్యాం.

కాపలా సిపాయి సెల్యూట్ కొట్టాడు.

"దించు బాబూ చెయ్యి. నేను కమిషనర్‌గా రాలేదు. లోపలున్న మాస్టారికి లాయర్ని."

కెప్టెన్ పరుగున వచ్చాడు. "సర్, మీరే ప్రభుత్వం. మీరే ఇలా వస్తే ఎలా?"

"ఆయన్ని ఏ చట్టం కింద పెట్టావో ఆ కాగితం చూపించు. చదివి వెళ్లిపోతాను."

కాగితం ఉంటే కదా! ఆయన గేటు పక్క కాపలా గదిలో బల్ల మీద కూర్చున్నారు. విగ్గు కింద నుంచి చెమట ధార కడుతున్నా తీయలేదు. గేటు బయట ఆడవాళ్లు కూడా కదల్లేదు. ఒకామె అక్కడే పొయ్యి రాజేసి మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మడం మొదలుపెట్టింది. సిపాయిలే కొన్నారు.

నాలుగు దాటాక గవర్నరు ఫోన్ చేశారు. నాకు వినబడింది ఇవతలి మాటలే.

"అవును సర్... లేదు సర్, తాగలేదు... రాజీనామా కావాలా? మా టైపిస్టు ఇక్కడే ఉంది, ఇప్పుడే రాయిస్తాను. మాస్టారు బయటికొస్తేనే నేను లేస్తాను."

ఐదింటికి మాస్టార్ని తీసుకొచ్చారు. పెదవి వాచి ఉంది. మా అయ్యగారిని విగ్గు నుంచి బూట్ల దాకా చూశారు.

"నువ్వా?"

"నేనే. నడవగలవా?"

"నడుస్తాను." మాస్టారు ఒక్క అడుగు వేసి ఆగారు. "చిలకకి విగ్గు బాగానే ఉందయ్యా."

ఇద్దరూ నవ్వారు. వాచిన పెదవి నొప్పి పుట్టి మాస్టారు మూతి పట్టుకున్నారు. న్కోయో మాత్రం ఏడ్చేసింది.

మూడు వారాల తర్వాత, ఒక శుక్రవారం, న్యాయశాఖ కమిషనర్ని తక్షణం తొలగించామని అదే రేడియో చెప్పింది. ఆదివారం చర్చిలో జనం ఆయనకి దారిచ్చి లేచి నిలబడ్డారు. మంత్రిగా ఉన్నప్పుడు ఎవరూ అలా నిలబడలేదు.

సోమవారం ఎనిమిదింటికి మేం దర్జీ కొట్టుకి చేరేసరికి మెట్ల నిండా మనుషులు. వరస వీధి దాకా సాగింది. అందరికంటే ముందు చేపల బుట్టతో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"మూడేళ్లు ఎక్కడికి పోయావయ్యా? నా గట్టు తగాదా అలాగే ఉండిపోయింది" అని గదమాయించింది.

"వచ్చేశానుగా అమ్మా" అంటూ ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు.

నేను టైపు మిషను మీది గుడ్డ తీసి, కాగితం ఎక్కించాను. ముసలమ్మ తన పేరు చెప్పడం మొదలుపెట్టింది.