ఇంజను ముందు చెప్పులు

సంతకం పెడితే మళ్లీ ఓడ ఎక్కొచ్చు, పెట్టకపోతే ఇక ఆ మాట మరిచిపోవాల్సిందే. రాప్తాడు దగ్గర ఒక పాత బావి గట్టున ఓడ కంపెనీ ఏజెంటు ఈశ్వరప్ప జయరాముడికి తేల్చి చెప్పింది ఇదే. బావిలో జయరాముడి నాయన గంగప్ప పూడిక ఎత్తుతున్నాడు. పైన గిలక తాడు పట్టుకున్న జయరాముడు ఒంటిచేత్తో కాగితం అందుకుని చదివాడు. “హెచ్చరిక బోర్డు తగిలించే ఉంది. నేనే ఎవరికీ చెప్పకుండా లోపలికి దూరాను.” రెండు వాక్యాలు, రెండూ పచ్చి అబద్ధాలు.

వాళ్లది బావులు తవ్వే ఇల్లు. దిగే మనిషి చెప్పులు గట్టున విడిచి దిగుతాడు. ఆ జత అక్కడ ఉన్నంతసేపు ఎవరూ రాళ్లు పేల్చే మందుకు నిప్పు పెట్టరు, రాయి దొర్లించరు. అక్షరం ముక్క రాని కూలీలు కూడా ఈ కట్టుబాటు ఏనాడూ తప్పలేదు.

కంటైనర్ల ఓడలో ఇంజను తుడిచే పనికి చేరాక కూడా జయరాముడు దాన్ని వదల్లేదు. ఆ ఇంజను నాలుగంతస్తుల మేడంత. ఒక్కో పిస్టను మనిషి కౌగిట్లో పట్టదు. ఓడ రేవులో ఆగినప్పుడు పిస్టన్ల కింది అరల్లోకి పాకి జిగట మసి గీకాలి. దూరే ముందు, ఇంజనును మెల్లగా తిప్పే మోటారు స్విచ్చుకు ‘లోపల మనిషి ఉన్నాడు’ అని బోర్డు తగిలించాలి. రూలు అది.

ఆ రోజు సెకండ్ ఇంజనీరుకు తొందర. బోర్డు పెట్టాలంటే అరగంట కాగితాలు నింపాలి. “పది నిమిషాల పనే, దూరు” అన్నాడు. జయరాముడు బూట్లు తొడుక్కుని, తన రబ్బరు చెప్పులు స్విచ్చు ముందు పెట్టి దూరాడు. కాసేపటికి ఆ పెద్దమనిషి తిరిగొచ్చి, తాను దూర్చిన మనిషినే మరిచిపోయి, “ఇదేమన్నా గుడా?” అంటూ చెప్పులను తన్ని స్విచ్చు నొక్కాడు. పక్కనున్న పనివాడు కేకేయబట్టి ఇంజను ఆగింది గానీ, అప్పటికే జయరాముడి ఎడమ కాలి వేళ్లు మూడు నలిగిపోయాయి.

ఇప్పుడు తప్పు అతనిదేనట. ఎవరి తొందరకు ఎవరి వేళ్లు పోయాయి, ఎవరి అబద్ధానికి ఎవరు సంతకం పెట్టాలి?

“ఆలోచించుకో జయరాముడూ. ఆ ఇంజనీరుకూ పిల్లలుండారు. నువ్వొక గీత గీసినావంటే అందరూ బాగుంటారు” అన్నాడు ఈశ్వరప్ప.

ఇంత జరిగినా ఆ ఇంజనంటే జయరాముడికి ప్రాణం. అది కదిలితే ఇనుప నేల అరికాళ్లలో అదిరేది. వేళ్లు పోయి ఇంటికి చేరిన ఈ ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా అది గుర్తుకు రాకుండా పోలేదు. ఇంకెవరు మాత్రం రమ్మంటారు, ఈ కుంటికాలు పెట్టుకుని? తాడు మేకుకు కట్టి, సిగ్గుతో తల వంచుకుని, పెన్ను అందుకున్నాడు.

పని అయిపోయిందనుకున్న ఈశ్వరప్ప కూర్చోవడానికి గట్టు మీద చోటు చూసుకున్నాడు. అడ్డంగా ఉన్న పాత చెప్పుల జతను బూటుతో పక్కకు నెట్టాడు. ఒకటి దుమ్ములో పడింది.

జయరాముడి చెయ్యి ఆగిపోయింది. పెన్ను కింద పెట్టాడు. కుంటుకుంటూ వెళ్లి, ఆ చెప్పు తీసి, దుమ్ము దులిపి, జతను మళ్లీ ఉన్నచోటే పెట్టాడు.

“ఏమప్పా, ఏమాయ?” అన్నాడు ఈశ్వరప్ప.

“సంతకం పెట్టను. నువ్వు ఆడనుంచి జరుగన్నా” అన్నాడు జయరాముడు. “లోపల మా నాయన ఉండాడు.”